మైండ్ కంట్రోల్ విలన్ పెడితే నా ప్లేయర్స్ ఊళ్ళో కనపడ్డ ప్రతివాడినీ చెంపదెబ్బ కొడుతున్నారు, కాపాడండి

కొత్తడీఎమ్:

హాయ్ అందరికీ. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేస్తూ పాత్రలు ఆడే టేబుల్ గేమ్) ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం, నలుగురు ప్లేయర్స్, అందరూ లెవెల్ 5. డీఎమ్‌గా, అంటే కథ నడిపేవాడిగా, నాకిది రెండో క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ). ఈసారి డ్రాగన్లు గీగన్లు వద్దు, తెర వెనక కూర్చుని అందర్నీ ఆడించే విలన్ కావాలనుకుని ఒక పెద్ద సరస్సు, ఒడ్డున రేవు పట్నం, సరస్సు అడుగున అబోలెత్ (మనసుల్ని వశం చేసుకునే చేపలాంటి రాక్షస జీవి) పెట్టా. మేయరు, కాపలా దళం కెప్టెన్, గుడి పూజారి, సుంకాల అధికారి, ఇలా మొత్తం 11 మంది ఎన్పీసీలు (డీఎమ్ ఆడించే పాత్రలు) దాని వశంలో ఉన్నారని రాసుకున్నా. పేపర్ మీద చూసుకుంటే నాకే భయమేసింది, అంత బాగుంది.

టేబుల్ మీదకొచ్చేసరికి మొత్తం తేలిపోయింది. 7 సెషన్లు బాగానే నడిచాయి, ఎనిమిదో దాంట్లో కెప్టెన్ వశంలో ఉన్నాడని కనిపెట్టారు, అంతే, ఆ క్షణం నుంచి ఎవరితోనూ మాట్లాడట్లేదు. "ఎవడితో మాట్లాడినా చేపతో మాట్లాడినట్టే కదా, మళ్ళీ మాటలెందుకు" అంటారు. పైగా మా బార్బేరియన్ (మొరటు యోధుడి పాత్ర ఆడేవాడు) రూల్ బుక్ తీసి, డామేజ్ తగిలితే బాధితుడికి మళ్ళీ సేవ్ (పాచిక వేసి తప్పించుకునే ఛాన్స్) వస్తుందని చదివేశాడు. అప్పట్నుంచి కనపడ్డ వాడికల్లా ఒక చెంపదెబ్బ, దానికి టెస్టింగ్ అని పేరు. మొన్న ఒక ముసలావిడని కూడా కొట్టాడు.

ఇంకోటి, మా రోగ్ (దొంగ పాత్ర ఆడేవాడు) సేవ్ ఫెయిలయ్యాడు, వాడి క్యారెక్టర్‌ని నేనే ఒక సెషన్ మొత్తం నడిపించా. వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, తర్వాత రెండు రోజులు గ్రూప్‌లో రిప్లై కూడా ఇవ్వలేదు.

నాకు కావాల్సింది కుట్రలు పన్నే విలన్, తయారైంది మాత్రం జాంబీల ఊరు. ఎక్కడ దెబ్బతిన్నా?

నేలమాళిగ77:

ముసలావిడ దగ్గర నవ్వాగలేదు సారీ.

బ్రో నీ ప్రాబ్లం ఆ 11 దగ్గరే ఉంది. వశీకరణం ఉందని మనం దాన్నే ప్లాన్ అనుకుంటాం, అది ప్లాన్ కాదు, చేతిలో ఉన్న ఒక పనిముట్టు, అదీ బోలెడు లోపాలున్న పనిముట్టు. ఆ లోపాల్లోంచే కథ పుడుతుంది. ఒకసారి స్టాట్ బ్లాక్ (రూల్ బుక్‌లో ఆ జీవి శక్తుల పట్టిక) తీసి అబోలెత్ కళ్ళతో చదువు, అంటే నేను ఆ నీళ్ళలో ఉన్నాను, నాకున్నవి ఈ టెంటకిల్స్, పైన పట్నం ఉంది, దాన్నెలా లాక్కోవాలి అని.

ఎన్‌స్లేవ్, అంటే దాని వశీకరణ శక్తి, రోజుకి 3 సార్లే. అదీ 30 అడుగుల లోపల, కంటికి కనపడేవాడి మీద. అంటే మేయరు దాని వశమయ్యాడంటే ఏదో ఒక రోజు మేయరు నీళ్ళ దగ్గరకి వచ్చాడు. ఎవరో తీసుకొచ్చారు. ఎవరు, ఏం చెప్పి తీసుకొచ్చారు, ఆ రోజు పడవలో ఇంకెవరున్నారు? చూడు, ఒక్క లైన్ చదివితే ఒక అడ్వెంచర్ వచ్చేసింది.

సేవ్ డీసీ (తెచ్చుకోవాల్సిన అంకె) 14, విజ్డమ్ మీద. మామూలు మనిషికి బోనస్ ఏమీ ఉండదు కాబట్టి డీ20 (20 ముఖాల పాచిక) మీద 14 నుంచి పైకి పడాలి, అంటే 35 శాతం ఛాన్స్. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఈ 35 శాతం మళ్ళీ వస్తుంది. అబోలెత్‌కి ఇది తెలియదా? దానికి తరతరాల జ్ఞాపకాలుంటాయి, ఖచ్చితంగా తెలుసు. కాబట్టి దాని మనుషుల్ని అది పువ్వుల్లో పెట్టి చూసుకుంటుంది. కెప్టెన్ ఈమధ్య కత్తి ప్రాక్టీస్‌కి రావట్లేదు. మేయరు గుర్రం ఎక్కడం మానేశాడు. సుంకాల అధికారి మేడ మెట్లు ఒక్కొక్కటీ పట్టుకుని దిగుతాడు. ఊళ్ళో వాళ్ళు వయసు మీద పడిందిలే అనుకుంటారు, నీ ప్లేయర్స్ ఏమనుకుంటారో చూద్దాం.

అబోలెత్‌కి కనీసం ఒక మైలు దూరంలో ఉన్నవాడికి దెబ్బ తగలకపోయినా 24 గంటలకోసారి సేవ్ ఉంటుంది. లెక్కేస్తే మూడు రోజుల ప్రయాణంలో బయటపడే ఛాన్స్ 70 శాతం దాటుతుంది. అంటే అది రాజధానికి బానిసని పంపలేదు, పంపితే వాడు దారిలో మేల్కొని మొత్తం కక్కేస్తాడు. మేయరు కూతురి పెళ్ళి పక్క పట్నంలో జరిగింది, మేయరు వెళ్ళలేదు. సొంత కూతురి పెళ్ళికి! ఈ ఒక్క క్లూకి నా టేబుల్లో గంటన్నర వాదించుకున్నారు.

నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. వశంలో ఉన్నవాడు రియాక్షన్స్ (ఎదుటివాడి వంతులో చేసే ప్రతిచర్యలు) వాడలేడు. ఫైట్‌లో మీ రోగ్ కాపలావాడి పక్కనుంచి పరిగెత్తి వెళ్ళిపోతాడు, వాడు ఆపర్చునిటీ అటాక్ (దాటిపోయేవాడి మీద వేసే దెబ్బ) కొట్టడు. నువ్వు మాట్లాడకు, ఊరుకో. రెండోసారీ అదే జరిగితే టేబుల్ మీద ఎవడో ఒకడు తలెత్తి చూస్తాడు, ఆ మొహం చూడటానికే డీఎమింగ్ చెయ్యాలి.

ఇంకా, లెయిర్ (అది ఉండే చోటు) చుట్టూ మైలు లోపల నీళ్ళు పాడైపోతాయి, దాని శత్రువులు తాగితే కాసేపట్లో వాంతి చేసుకుంటారు. సత్రంలో మీ నలుగురికే కడుపు తిప్పింది, పక్క బల్ల వాళ్ళు అదే కూజాలోంచి తాగి హాయిగా ఉన్నారు అను చాలు.

పాచికలశకుని:

పైన అన్నది నిజమే గానీ నేను ఇంకో మాట అంటా. అసలు కుట్రలు చేసే విలన్‌కి వశీకరణం ఎంత తక్కువ వాడితే అంత మంచిది. నా పేరు చూసి నవ్వకండి, శకుని ఎవడి బుర్రలో దూరాడు చెప్పండి? దుర్యోధనుడికి అసూయ ముందే ఉంది, ధర్మరాజుకి జూదం పిచ్చి ముందే ఉంది. పాచికలు ఒకటి మధ్యలో పెట్టి పక్కన కూర్చున్నాడు, అంతే. సభలో ఎవడూ మంత్రంలో లేడు, అందుకే ఆ సీన్ చదివితే ఇప్పటికీ కడుపు మండుతుంది. అందరూ వశంలో ఉన్నారంటే ఎవడిదీ తప్పు కాదు, ఎవడిదీ తప్పు కానప్పుడు ఎవడి మీదా కోపం రాదు, మీ ప్లేయర్స్‌కి బోర్ కొట్టింది అందుకే.

అబోలెత్‌కి ఎన్‌స్లేవ్ కంటే డేంజరస్ పవర్ ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. దానితో టెలిపతీలో మాట్లాడినవాడు దానికి కనపడేలా ఉంటే, వాడి మనసులోని అతి పెద్ద కోరిక దానికి తెలిసిపోతుంది. సేవ్ లేదు, ఏమీ లేదు. ఇప్పుడు ఆలోచించండి, పూజారి ఎందుకు వశంలో ఉండాలి? ఆయన కొడుకు సరస్సులో మునిగిపోయాడు, రాత్రుళ్ళు నీళ్ళలోంచి కొడుకు గొంతు వినపడుతుంది, ఆయనంతట ఆయనే వెళ్తాడు. సుంకాల అధికారికి అప్పులున్నాయి, మునిగిన ఓడల్లోని బంగారం ఎక్కడుందో అబోలెత్‌కి తెలుసు. వీళ్ళని మీ బార్బేరియన్ ఎన్ని చెంపదెబ్బలు కొట్టినా ఏమీ అవ్వదు, ఎందుకంటే విడిపించడానికి అక్కడ ఏ మంత్రమూ లేదు. ఆ విషయం వాళ్ళకి అర్థమైనప్పుడు టేబుల్ సైలెంట్ అవుతుంది చూడండి.

11 మందిలో ఇద్దరినో ముగ్గురినో వశంలో ఉంచండి. నలుగురు తెలిసే చేస్తున్నవాళ్ళు. మిగతావాళ్ళు ఏమీ తెలియక పై అధికారి చెప్పింది చేసేవాళ్ళు.

పాత ఎడిషన్ ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, 3.5 ఎడిషన్‌లో సెన్స్ మోటివ్ అనే స్కిల్‌తో ఒకడు ఎన్‌చాంట్‌మెంట్ (మనసుని లొంగదీసే మంత్రం) ప్రభావంలో ఉన్నాడా అని కనిపెట్టాలంటే డీసీ 25, అదే వాడు పూర్తిగా డామినేట్ అయ్యుంటే 15 మాత్రమే. పట్టు బిగిస్తే ఈజీగా దొరికిపోతాడు, వదులుగా పట్టుకుంటే దొరకడు. దీన్ని హౌస్ రూల్‌గా ఇప్పటి ఇన్‌సైట్ స్కిల్‌కి పెట్టేసుకోండి, విలన్ ఎందుకు తక్కువ వాడతాడో ప్లేయర్స్‌కి కూడా అర్థమవుతుంది.

కొత్తడీఎమ్:

మేయరు కూతురి పెళ్ళి నేను ఎత్తేస్తున్నా, ముందే చెప్తున్నా.

కానీ చెంపదెబ్బలు ఇప్పుడు ఆపడం ఎలా? రూల్ ఉంది కదా అని వాదిస్తున్నాడు, రూల్ ప్రకారం కరెక్టే.

నేలమాళిగ77:

ఆపకు. అబోలెత్‌కి అది బంగారు అవకాశం. ఊళ్ళోకి నలుగురు కొత్తవాళ్ళు వచ్చారు, కనపడ్డవాడినల్లా కొడుతున్నారని దానికి కబురు అందింది కదా. అది ఏం చేస్తుంది? ఊళ్ళో నిజాయితీగా ఉన్న ఒక్క న్యాయాధికారి ఉన్నాడనుకో, దానికి అతి పెద్ద అడ్డు ఆయనే, ఆయన మీద మీ పార్టీకి అనుమానం వచ్చేలా చేస్తుంది. రాత్రి పూట సరస్సు దగ్గర కనపడ్డాడని ఒకడితో చెప్పిస్తుంది. మీ వాడు వెళ్ళి నిండు కోర్టులో ఆయన్ని చెంప మీద కొడతాడు. ఏమీ అవ్వదు, ఆయన వశంలో లేడు కాబట్టి. ఇప్పుడు ఊరంతా పార్టీకి ఎదురు తిరిగింది, అబోలెత్ ఒక్క ఎన్‌స్లేవ్ కూడా ఖర్చు పెట్టలేదు. చాప కింద నీరు అంటే ఇదే, ఇక్కడ నీరు నిజంగానే ఉంది.

అయితే నువ్వు వాళ్ళకి కొట్టడం కంటే మంచి దారి ఒకటి ఇవ్వాలి, లేకపోతే అది ట్రిక్ చేసినట్టుంటుంది. ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్ అండ్ గుడ్, ఫస్ట్ లెవెల్ స్పెల్, అబోలెత్ అబరేషన్ (వింత జీవుల రకం) కాబట్టి దాని మీద పనిచేస్తుంది. ఆల్రెడీ ఛార్మ్ (వశం) అయినవాడి మీద వేస్తే కొత్త సేవ్‌కి అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది, 35 శాతం కాస్తా 58 దగ్గరకి వెళ్తుంది. స్పెల్ వేసి చిన్నగా గిల్లితే సరిపోతుంది, ముసలావిడల్ని కొట్టక్కర్లేదు. ఇంకా మజా ఏంటంటే ఆ స్పెల్‌కి పవిత్ర జలమో, వెండి ఇనుము పొడో కావాలి, వేసిన ప్రతిసారీ ఖర్చయిపోతుంది. మరి పట్నంలో వెండి పొడి అంతా ఎవరు కొనేస్తున్నారు? గుడిలో పవిత్ర జలం ఇవ్వడం పోయిన నెల నుంచి ఎందుకు ఆగింది? అలాగే ఎల్ఫ్‌లకి ఛార్మ్ మీద అడ్వాంటేజ్ ఉంటుంది, అందుకే కాపలా దళంలోంచి ఎల్ఫ్‌లని ఒక్కొక్కరినీ ఏదో వంకతో తీసేశారు. ఉద్యోగం పోయిన ఎల్ఫ్ ఒకామె సత్రంలో కూర్చుని తిట్టుకుంటోంది. ఇంక నీ ప్లేయర్స్ ఎన్పీసీలతో మాట్లాడకుండా ఉంటారా!

డిస్పెల్ మ్యాజిక్ (వేరే స్పెల్స్‌ని తీసేసే స్పెల్) మాత్రం పనిచెయ్యదు, ఎన్‌స్లేవ్ స్పెల్ కాదు. ఇది వాళ్ళు ట్రై చేసి ఫెయిలవ్వకముందే ఎవరో ఒక ఎన్పీసీతో చెప్పించెయ్.

మూడోమెట్టు:

రోగ్ ప్లేయర్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? నా దృష్టిలో చెంపదెబ్బల కంటే అది సీరియస్.

నేను డీఎమ్ కాదండి, ప్లేయర్‌ని, నాకు ఇది జరిగింది. నా క్లెరిక్‌ని (పూజారి పాత్ర) ఒక వాంపైర్ ఛార్మ్ చేసింది, డీఎమ్ నా క్యారెక్టర్ షీట్ తీసేసుకుని మా వాళ్ళ మీదకి నన్ను వదిలాడు. ఇష్టపడి తయారుచేసుకున్న క్యారెక్టర్ నా కళ్ళముందే నా ఫ్రెండ్స్‌ని కొడుతుంటే నేను రెండు గంటలు ఊరికే కూర్చున్నా. తర్వాత పుస్తకం చూస్తే తెలిసింది, ఆ వాంపైర్ ఛార్మ్ అసలు పూర్తి కంట్రోలే కాదు, దాన్ని నమ్మకమైన స్నేహితుడిలా చూడాలి, అడిగింది వీలైనంత మంచిగా అర్థం చేసుకుని చెయ్యాలి, అంతే. అది లేదా దాని మనుషులు నాకు హాని చేస్తే మళ్ళీ సేవ్ కూడా ఉంది. అంటే నా క్లెరిక్ నా చేతిలోనే ఉండి "ఆవిడ అలాంటిది కాదు, ఒకసారి వినండి" అని మా పార్టీతో గొడవపడి ఉండొచ్చు. ఆ సీన్ నేనే ఎంత బాగా చేసేదాన్నో అని ఇప్పటికీ బాధ.

మీరు చెయ్యాల్సింది ఇదీ అని నా అభిప్రాయం. షీట్ తీసుకోకండి. చీటీ మీద ఒక్క లైన్ రాసి ఇవ్వండి, "సరస్సు దగ్గరకి ఎవరూ వెళ్ళకూడదు, కారణం మాత్రం బయటపడకూడదు" అని. ఎలా చెయ్యాలో ఆ ప్లేయర్ చూసుకుంటాడు. మా గ్రూప్‌లో ఇప్పుడు ఇలాగే చేస్తాం, చీటీ వచ్చినవాడు అందరికంటే ఎక్కువ ఎంజాయ్ చేస్తాడు, మీకంటే ఘోరమైన ఐడియాలు వాడికే వస్తాయి.

చీటీ కంటే ముందు అడగండి. కొంతమందికి తమ ఇష్టం లేకుండా తమని ఆడించడం అనేది ఆటలో కూడా పడదు, దానికి వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, చెప్పాల్సిన పని లేదు. సెషన్ జీరోలో (ఆట మొదలవ్వకముందు మాట్లాడుకునే మీటింగ్) అడగకపోతే ఇప్పుడైనా అడగొచ్చు. రోగ్‌కి విడిగా ఫోన్ చేసి సారీ చెప్పండి, గ్రూప్‌లో కాదు.

కొత్తడీఎమ్:

చదివి కాస్త సిగ్గేసింది. ఫోన్ చేస్తా.

బుర్రతినేవాడు:

అబోలెత్ ఎందుకు, మైండ్ ఫ్లేయర్ (మెదళ్ళు తినే రాక్షసుడు) పెట్టొచ్చుగా? 1975 నుంచి ఉన్న క్లాసిక్, బల్దర్స్ గేట్ 3 వీడియో గేమ్ పుణ్యమా అని ఇప్పుడు అందరికీ తెలుసు కూడా.

పాచికలశకుని:

అందరికీ తెలుసు అన్నదే దాని మైనస్ ఇప్పుడు, మూతి మీద టెంటకిల్స్ అనగానే మొత్తం ప్లాట్ చెప్పేస్తారు. ఇంకా చూస్తే స్టాట్ బ్లాక్‌లో దానికి డామినేట్ మాన్‌స్టర్ అనే వశీకరణ స్పెల్ రోజుకి ఒక్కసారే, అదీ కాన్‌సెంట్రేషన్ పెట్టి గంట సేపే. గంటలో ఊరిని ఏలలేరు. అది మనుషుల్ని ఆడించాలంటే ఇంటెలెక్ట్ డివోరర్స్ అనే జీవులు కావాలి, అలాంటిది ఒకటి మనిషి మెదడు తినేసి లోపల కూర్చుంటుంది, అచ్చంగా పరకాయ ప్రవేశం. వాడికి తెలిసినవన్నీ దానికీ తెలుసు కాబట్టి నటన పర్ఫెక్ట్. ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్ అండ్ గుడ్ వేస్తే అది బయటికి వస్తుంది గానీ మెదడు పోయింది కదా, మనిషి పోతాడు.

తేడా అక్కడే ఉంది. అబోలెత్ బానిసని కాపాడుకోవచ్చు, డివోరర్ దూరినవాడు ఆల్మోస్ట్ పోయినట్టే. కాపాడే ఆశ ఉంటేనే ప్లేయర్స్ కత్తి దించి ఆలోచిస్తారు. మొదటిది కుట్ర కథకి, రెండోది హారర్‌కి. రెండూ ఒకే ఊళ్ళో కలిపితే మాత్రం ఎవడిని కొట్టాలో ఎవడిని కాపాడాలో తెలియక వాళ్ళు ఇంటికెళ్ళిపోతారు, నేను చేసి చూశా.

గడియారం6:

ఇన్ని లెక్కలు టేబుల్ మీద నేనైతే గుర్తుపెట్టుకోలేను. నేను చేసేది సింపుల్, బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఇంకో గేమ్ నుంచి క్లాక్ తెచ్చుకుని 6 ముక్కల గుండ్రం ఒకటి గీస్తా, విలన్ ప్లాన్‌లో ఒక్కో అడుగుకీ ఒక ముక్క నింపుతా. అబోలెత్‌కి ఇది మరీ అవసరం, ఎందుకంటే దానికి తొందర ఉండదు, వందేళ్ళు ఆగమన్నా ఆగుతుంది, చంపినా దాని ఆత్మ వెళ్ళి నీటి లోకంలో మళ్ళీ ఒళ్ళు తెచ్చుకుంటుందని లోర్‌లోనే ఉంది. విలన్‌కి తొందర లేకపోతే ప్లేయర్స్‌కీ ఉండదు. ఏదో ఒక గడువు పెట్టండి, ఫలానా రోజుకి కొత్త కాలువ తవ్వడం పూర్తవుతుంది, సరస్సు నీళ్ళు ఇంకో మూడు ఊళ్ళకి వెళ్తాయి అని. అప్పుడు ఆ మైలు లిమిట్ ఏమవుతుందో అని వాళ్ళకి దడ పుడుతుంది.

విలన్‌ని ముందే చూపించండి, అది కూడా ముఖ్యం. లెయిర్ నుంచి మైలు లోపల అది తన మాయారూపాన్ని పంపగలదు, తన బానిసకి కనపడే చోట ఎక్కడైనా. మేయరు గదిలో గాల్లో తేలుతూ పలకరించనివ్వండి. పార్టీ కత్తులు దూస్తుంది, దెబ్బ తగిలితే ఆ రూపం మాయమవుతుంది అంతే, అబోలెత్‌కి ఏమీ కాదు. అది మర్యాదగా బేరం మాట్లాడాలి. లెవెల్ 5 వాళ్ళు ఛాలెంజ్ (రాక్షసి ఎంత కష్టమో చెప్పే అంకె) 10 దాన్ని నీళ్ళలో ఎదుర్కుంటే అటునుంచి అటే, కాబట్టి ఈ మాయారూపమే మీకు సేఫ్.

కొత్తడీఎమ్:

కాలువ ఐడియా అదిరింది. ప్లాన్ మార్చేశా, వశంలో ఉన్నది మేయరు, కెప్టెన్, ఇంకో పడవవాడు, అంతే. పూజారి కొడుకు గొంతు కూడా పెడుతున్నా. రోగ్‌తో మాట్లాడా, చీటీ అయితే ఓకే అన్నాడు, అసలు వాడే ఎగ్జైట్ అయ్యాడు.

ఒక్క డౌట్. మాకు పాలడిన్ (ప్రమాణం చేసిన పవిత్ర యోధుడి పాత్ర) ఉంది, ప్రమాణం పేరు ఓత్ ఆఫ్ డివోషన్. లెవెల్ 7కి ఆరా (చుట్టూ ఉండే రక్షణ వలయం) వస్తుంది కదా, 10 అడుగుల్లో ఉన్న స్నేహితులు ఎవరూ ఛార్మ్ అవ్వరు. అప్పుడు నా విలన్ మొత్తం పోయినట్టేనా?

నేలమాళిగ77:

పోవడమేంటి, పండగ. ఆల్రెడీ ఛార్మ్ అయినవాడు ఆరాలోకి వస్తే ఏమవుతుందనేది ఒక్కో టేబుల్లో ఒక్కోలా ఆడతారు, నేనైతే ఆ 10 అడుగుల్లో ఉన్నంతసేపు పట్టు జారిపోతుందని ఆడిస్తా. ఇక అబోలెత్ ఏం చేస్తుందో నీకే తెలుసు. మేయరు పాలడిన్‌కి దూరంగా నిలబడతాడు. ఎప్పుడూ. పొడుగాటి బల్లకి ఆ చివర కూర్చుంటాడు, సన్మానం కూడా వేరేవాళ్ళ చేత చేయిస్తాడు.

కొత్తడీఎమ్:

అయ్యో. మా మేయరు రెండో సెషన్‌లోనే పాలడిన్‌ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

నేలమాళిగ77:

అప్పుడు పాలడిన్ లెవెల్ ఎంత?

కొత్తడీఎమ్:

3.

నేలమాళిగ77:

మరింకేం, ఆరా లేదు. లెవెల్ 7 అయ్యాక మళ్ళీ కలిసినప్పుడు కౌగిలి ఇవ్వకుండా దూరం నుంచే దణ్ణం పెట్టించు.